గోడ మీదికి సగం దారి

“గోడ చూడ్డానికి గంటెందుకండీ? కిందినుంచి ఒక ఫోటో తీసుకుంటే సరిపోదా?” అన్నాడు మా టూరు మేనేజరు కుర్రాడు. పీసాలో ఒరిగిన బురుజు దగ్గర మా బస్సులోని వాళ్ళంతా దాన్ని అరచేతుల్తో నిలబెడుతున్నట్టు ఫోటోలు దిగుతుంటే, నేను మాత్రం వాడి వెంటపడి తిరుగుతున్నాను. హైదరాబాదులో విమానం ఎక్కిన దగ్గర్నుంచీ నాకిదే పని. పక్కనే లుక్కా అని ఊరుంది నాయనా, చుట్టూ పాతకాలపు కోటగోడ ఉంటుంది, గోడ మీద చెట్లుంటాయి, జనం పైన నడుస్తారు, ఒక్కసారి ఆపు బాబూ అని. వాళ్ళిచ్చిన కాయితం మీద ‘తీరిగ్గా ఇటలీ విహారం’ అని రంగు రంగుల్లో అచ్చేశారు. ఆ తీరుబడి ఏ మూలనుందో నాకైతే కనిపించలేదు. తెల్లారకుండా లేపడం, ఇడ్లీ పొట్లం చేతిలో పెట్టి బస్సెక్కించడం, దిగండి దిగండి, ఎక్కండి ఎక్కండి. చివరికి నా కూతురు సుధ కలగజేసుకుని గట్టిగా మాట్లాడితే, “సరే, గంటంటే గంటే. ఆలస్యమైతే బస్సు ఆగదు” అన్నాడు. పాతికేళ్ళ పైనుంచి కడుపులో పెట్టుకున్న కోరికకి ఆ పిల్లాడు పెట్టిన గడువది. ఒళ్ళు మండింది.

వాడి మాటే ఇంకొకరి నోట అంతకుముందెప్పుడో విన్నాను. బహ్రెయిన్లో, అరాద్‌లో, మా వెనక ప్రహరీ అవతలినుంచి. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. రాజోలు వైపు మా ఊళ్ళో ఇంటికొక ఆడది గల్ఫులో ఉండేది, నేనూ వెళ్ళాను, అంతే. ఇంటి యజమానిని బాబా అనేదాన్ని, ఆయన భార్యని మేడం అనేదాన్ని. బాబా తల్లిని ఇంటిల్లిపాదీ హజ్జియా అనేవారు, మక్కా వెళ్ళొచ్చిన పెద్దావిడ గనక. ముగ్గురు పిల్లలు, వాళ్ళలో చిన్నది నూరా నా కొంగు వదిలేది కాదు. పక్కింటి వాళ్ళు గోడ ఎత్తు పెంచుకుంటుంటే ఆ పనికి జగిత్యాల వైపునుంచి వచ్చిన మల్లయ్య అనే మేస్త్రీ ఉండేవాడు. తుబ్లీలో వాళ్ళ క్యాంపు. నేను బట్టలారేస్తూ, అతను పరంజా మీద నిలబడి ఇటుక పేరుస్తూ నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడుకునేవాళ్ళం. ఆ నాలుగు ముక్కలకోసం నేను ఉతికిన బట్టలు మళ్ళీ ఉతికిన రోజులున్నాయి.

ఆ ఇంట్లో పొద్దు మన పొద్దు కాదు. ఎండాకాలం వచ్చిందంటే పగలంతా కర్టెన్లు దించి, ఏసీలు పెట్టి పడుకునేవారు. మధ్యాహ్నం దాటాక ఒక్కొక్కరే లేచేవారు, అన్నం మూడింటికి, మళ్ళీ కునుకు, అసలు బతుకంతా చీకటి పడ్డాక. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అని మనం అంటాం గానీ అక్కడ ఊరే అలా ఉండేది, వేరే దారి నాదే. నేను చీకటితోనే లేచేదాన్ని. వంటింట్లో ఎండు నిమ్మకాయలు పగలగొట్టి బియ్యంలో వేస్తే ఒక చేదు పుల్లని వాసన లేచేది. అది నా జుట్టులోకి, దుప్పట్లోకి కూడా ఎక్కిపోయింది. గురువారం సాయంత్రాలు బొగ్గుల మీద బుఖూర్ వేసి బట్టలకి పొగ పట్టేదాన్ని, ఆ పొగకి నాకు తుమ్ములు, తుమ్మినందుకు మేడం విసుగు. వీధి గేటు తాళం మేడం దిండు కింద ఉండేది. చెత్త బయట పెట్టాలన్నా ఆవిడ లేచేదాకా ఆగాలి. ఆ ప్రహరీ నా తల మీద ఇంకొక నేను నిలబడినా అందనంత ఎత్తుండేది.

నాతోపాటు చీకటితో లేచేది హజ్జియా ఒక్కతే. నమాజుకి ముందు కాళ్ళు కడుక్కోవడానికి నేను నీళ్ళు పోసేదాన్ని. ఆ తర్వాత పిడి లేని చిన్న కప్పులో యాలకుల కహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పక్కన ఖర్జూరాలు. చాలనుకుంటే కప్పుని అటూ ఇటూ ఆడించేది, అంతే, నోటితో చెప్పేది కాదు. విమానాశ్రయం దగ్గరే గనక ఇంటి కప్పుని తాకుతున్నట్టు విమానాలు ఎగిరేవి. ప్రతి విమానానికీ తల పైకెత్తి “దేవుడా, వీళ్ళని క్షేమంగా దింపు” అని గొణిగేది. రోజంతా ఎన్ని విమానాలు పోతే అన్ని దండాలు. ఆవిడకి నడవాలంటే మోకాళ్ళు రావు, ఎవరినైనా పట్టుకోవాలి. అందరూ చెయ్యి పట్టుకుంటారు, ఈవిడ మణికట్టు పట్టుకునేది. నా గాజులు లోపలికి దిగిపోయి అచ్చులు పడేవి. “చిన్నప్పుడు మా గుమ్మం దాకా సముద్రం వచ్చేది లక్ష్మీ. ఇప్పుడు దాన్ని పూడ్చేసి ఇళ్ళు కట్టారు. నేను ఈ గోడల మధ్య కూచుని విమానాల లెక్క చూస్తున్నాను” అనేది. ఆవిడ అరబ్బీని నాకు అర్థమైన తెలుగులో రాస్తున్నాను. నాకు జాలి వేసేది గానీ, నా మణికట్టు నొప్పి నాకుండేది.

ఒక వేసవిలో బాబాకి తెలిసిన ఇటలీ ఆయన ఎవరో లుక్కాలో తన ఇల్లు ఖాళీగా ఉందన్నాడట. అందరం వెళ్తున్నామని, నేనూ రావాలని మేడం చెప్పింది. పాస్‌పోర్టు బాబా బీరువాలోంచి మొదటిసారి బయటికొచ్చింది. నూరా ఆ ఊరి బొమ్మ ఒకటి తెచ్చి చూపించింది. గోడ పైన రెండు వరసల చెట్లు, వాటి మధ్య దారి, దారిలో గొడుగేసుకున్న ఒక ఆడమనిషి, పక్కన ఎవరూ లేరు. నా బుద్ధి అక్కడే ఆగిపోయింది. ఆ ఆడమనిషి నడిచినట్టు, వెనక ఎవరూ పిలవకుండా, ఒక్కసారి ఆ గోడ మీద నడవాలి. పెద్ద కోరికేం కాదు చూడండి. వెళ్తున్నట్టు మల్లయ్యతో చెప్తే అతను తాపీ పక్కన పెట్టి నవ్వాడు. గల్ఫులో ఏ దేశమైనా అతనికి దుబాయే.

“గోడ సూడనీకి గంత దూరం పోతరా అక్కా? ఈ దుబాయిల గోడలకేం తక్కువ? హమద్ టౌన్ల గోడలు కట్టీ కట్టీ నా నడుం ఇరిగింది. రా, సూపిస్త.”

“ఎటకారం సాల్లే మల్లయ్యా. అది మనల్ని లోపలెట్టే గోడ కాదంట, పైనెక్కి తిరిగేదంట.”

“గోడెక్కి తిరుగుడా? అట్లైతే మంచిగ సూసి రా. వచ్చినంక నాకు జెప్పు, ఎట్ల గట్టిన్రో.”

మా సామానులో బట్టల కంటే బియ్యమే ఎక్కువ. హజ్జియా బయటి తిండి ముట్టదు గనక బాస్మతి, ఎండు నిమ్మకాయలు, మసాలా డబ్బాలు, కహ్వా కెటిలు, అన్నీ మోసుకెళ్ళాం. లుక్కాలో మా ఇల్లు గోడకి ఎదురుగానే. వంటింటి కిటికీ తీస్తే అదే. మన గోడల్లా నిలువుగా ఇటుకలు కనబడవు లోపలి వైపు నుంచి. పచ్చగడ్డి పరచిన గట్టులా పైకి లేస్తుంది, పైన చెట్లు, చెట్ల కింద మనుషులు. ముసలాళ్ళు కర్రలు పట్టుకుని, తల్లులు బళ్ళు తోసుకుంటూ, పిల్లలు సైకిళ్ళ మీద. ఇళ్ళ కప్పుల ఎత్తున, ఏ తొందరా లేకుండా. అందరికీ తీరుబడే. నేను చేప పొలుసు తీస్తూ చూసేదాన్ని.

మా వాళ్ళు మాత్రం బహ్రెయిన్ గడియారాన్ని కూడా పెట్టెలో సర్దుకొచ్చారు. బయట చెట్ల నీడలో చల్లటి గాలి వీస్తుంటే, లోపల కిటికీ తలుపులు బిగించి, ఎండకి భయపడి పడుకున్నారు! లేని ఎండకి. వీళ్ళు లేచి, అన్నాలు తిని, ముస్తాబై వెళ్ళేసరికి చర్చిలకి, బురుజులకి తలుపులేసేసేవారు. తిరిగొచ్చి “ఈ ఊళ్ళో ఏదీ తెరిచి ఉండదు” అని ఊరిని తిట్టేవారు. పొద్దున్నే లేవండి మహాప్రభో అని అరవాలనిపించేది నాకు. మొదటిరోజే హజ్జియాని చక్రాల కుర్చీలో తిప్పారు. ఆ రాళ్ళ వీధుల్లో ఎముకలన్నీ కదిలిపోయాయని ఆవిడ ఇంక గడప దాటనని కూచుంది. ఆవిడ ఇంట్లో ఉంటే ఎవరుండాలి? లక్ష్మి ఉండాలి. “రేపు నువ్వూ రావచ్చులే” అనేది మేడం లిప్‌స్టిక్ దిద్దుకుంటూ. ఆ రేపు రోజూ వచ్చేది, రోజూ పోయేది. నూరా సాయంత్రం పైనుంచి దిగొచ్చి, “లక్ష్మీ, పైన సైకిలు తొక్కాను, ఐస్‌క్రీం తిన్నాను, నువ్వెందుకు రావు?” అనేది. పసిదాని మీద కోపమేముంది గానీ, ఆ రోజు దాని జడ కాస్త గట్టిగానే లాగి వేశాను.

ఒకరోజు నిజంగానే మేడం రమ్మంది. బాబా తల్లి దగ్గర ఉంటానన్నాడు. చిలకపచ్చ చుడీదారు వేసుకున్నాను, ఊరినుంచి తెచ్చి మడత విప్పనిది. వీధుల్లోంచి గుండ్రంగా ఉన్న ఒక మైదానానికి వెళ్ళాం. చుట్టూ పసుపు పచ్చని ఇళ్ళు, మధ్యలో కుర్చీలు. మేడం అక్కడ కూచుంది. కాఫీ తాగింది. ఎవరో కువైట్ ఆవిడ కలిస్తే ఇద్దరూ ఇంకో కాఫీ తాగారు. నేను సంచులు పట్టుకుని నిలబడ్డాను. పిల్లలు పావురాల వెంటపడ్డారు, అలిసిపోయారు, ఏడ్చారు. పొద్దు గుంకింది. “ఇంక ఇంటికే పోదాం, గోడ రేపు” అంది మేడం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, నాకు ఆ రోజు దేవుడూ పూజారీ ఇద్దరూ కాఫీలోనే మునిగిపోయారు. వంటింట్లోకెళ్ళి గిన్నెలు ఎంత చప్పుడు చెయ్యాలో అంత చేశాను.

మా తిరుగు ప్రయాణం రోజు తెల్లవారుజామున హజ్జియా నమాజు అయ్యాక కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుంది. ఎదురుగా గోడ మీద అప్పుడే నలుగురైదుగురు నడుస్తున్నారు. మిగతా ఇల్లంతా గుర్రు పెడుతోంది.

“వీళ్ళకి పనేం లేదా? రోజూ ఆ పైన ఏం చూస్తారు?” అంది.

“నాకేం తెలుసు హజ్జియా? నన్ను తీసుకెళ్తే కదా చెప్పడానికి.” నా గొంతు కటువుగానే వచ్చింది. వచ్చిందే మంచిదనుకున్నాను.

ఆవిడ ముసుగు సర్దుకుంది. “తలుపు తియ్యి. వెళ్దాం.”

“ఇక్కడ కూడా తాళం మేడం దిండు కిందే ఉంది.”

“నా కొడుకు ఉన్న ఇంట్లో నాకు తాళమా!” అని లేచి, గోడలు పట్టుకుంటూ తనే వెళ్ళి తెచ్చింది. కోడలు కదల్లేదట. ఆ తాళం చెవి నా చేతిలో పెట్టింది, చప్పుడు కాకుండా తలుపు తీశాను. మెట్లు ఒక్కొక్కటే దిగాం. నా మణికట్టు ఆవిడ పిడికిట్లో ఉంది. రోడ్డు దాటాం. గోడ మీదికి ఏటవాలుగా బాట వేశారు. ఆ బాట మొదట్లో నిలబడి ఆవిడ బిస్మిల్లా అంది, నేను మా వీరవాసరం అమ్మమ్మ తలుచుకునే దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. నాలుగడుగులు వేయడం, ఆగడం. మళ్ళీ నాలుగడుగులు. ముసుగు కింద ఆవిడ ఊపిరి బుస్సుమంటోంది. సగం ఎక్కామో లేదో పక్కన రాతి బల్ల కనిపిస్తే కూలబడిపోయింది. “ఖలాస్” అంది. అయిపోయింది.

అక్కణ్ణుంచి పైన చెట్ల కొమ్మలు కనిపిస్తున్నాయి. నడిచే వాళ్ళ తలలు కనిపిస్తున్నాయి. ఒక సైకిలు గంట వినిపించింది. దారి కనబడదు, అది కనబడాలంటే ఇంకొంచెం ఎక్కాలి. “హజ్జియా, మీరిక్కడ కూచోండి. నేను చూసి చిటికెలో వచ్చేస్తాను” అన్నాను.

“లా” అంది. వద్దు.

“ఒక్క నిమిషం. మిమ్మల్ని చూస్తూనే ఉంటాను.”

“లా.”

బతిమాలాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అరబ్బీ అయిపోయి తెలుగులోకి కూడా దిగాను, “మీకు దణ్ణం పెడతానండీ, ఒక్కసారి ఎల్లనివ్వండి” అని. ఆవిడ నా వైపు చూడనే లేదు. పైకి చూస్తోంది. మోకాళ్ళలో లేని బలమంతా ఆ వేళ్ళలోకి వచ్చింది. నేను ఒక్క విసురు విసిరితే వదిలిపోయే చెయ్యే. కానీ యజమాని తల్లి చేతిని పనిమనిషి విసిరికొడుతుందా? నా చెయ్యి నాది కాదు, అంతే. ఊళ్ళో చర్చి గంటలు మొదలయ్యాయి. ఎదురింటి కిటికీలోంచి మేడం కేక వినిపించింది.

ఇంటికెళ్ళాక మేడం నన్ను పట్టుకుని దులిపేస్తుంటే హజ్జియా అడ్డొచ్చింది, ఆ మాట చెప్పుకోవాలి. “తాళం నేనే తీశాను. దాన్నేం అనకు” అంది. “అంత పొద్దున ఏం చూడ్డానికమ్మా?” అని బాబా అడిగితే, కహ్వా కప్పు అందుకుంటూ, “ఏమీ లేదు. ఆ పైన ఏమీ లేదు” అంది. చూడకుండానే ఏమీ లేదట! నన్ను చూడనివ్వకుండా! మేడం తిట్లు నాకు తగల్లేదు గానీ ఆ మాట మాత్రం ముల్లులా దిగింది. మధ్యాహ్నం కారెక్కి ఆ గోడ ద్వారంలోంచి బయటికొచ్చేశాం. గోడ నా తల మీదుగా వెళ్ళిపోయింది.

అరాద్‌లో మర్నాడు మల్లయ్య పరంజా మీదనుంచి, “గోడ ఎట్లున్నదక్కా? మట్టి నింపిన్రా, రాయి నింపిన్రా?” అని ఆశగా అడిగాడు. “నీ గోడ నువ్వు కట్టుకో, నా జోలికి రాకు” అని అరిచి లోపలికొచ్చేశాను. పాపం, అతనికేం తెలుసు. హజ్జియా ఆ గోడ మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నీళ్ళు పోశాను, కహ్వా ఇచ్చాను, మణికట్టు అందించాను. లోపల మాత్రం కక్ష. ఈ ముసల్దానికి ఒంటరిగా కూచోవడానికి భయమేసి నా నోటి దగ్గరి ముద్ద లాక్కుందనుకున్నాను. నేను ఇంటికొచ్చేశాక, ఆవిడ పోయిందని నూరా ఫోనులో ఏడుస్తూ చెప్పినప్పుడు కూడా ఏడుపుతోపాటు ఆ కక్ష గుర్తొచ్చింది.

ఇప్పుడు లుక్కాలో బస్సు గోడ బయట ఆపారు. మేనేజరు గడియారం చూపించి దింపాడు. మా బస్సులోని ఆడవాళ్ళు బాత్రూముల కోసం ఒక వైపు, ఐస్‌క్రీముల కోసం ఒక వైపు పోయారు. మేము గోడ ద్వారంలోంచి లోపలికి దూరాం. ఆ ఇల్లు ఏదో పోల్చుకోలేకపోయాను, అన్నీ పసుపు పచ్చ గోడలే, ఆకుపచ్చ కిటికీలే. కానీ బాట దొరికింది. అదో కాదో, అలాంటిదే. సుధ వయసులో నేను ఎగిరి ఎక్కేసేదాన్ని దాన్ని. నాలుగడుగులు వేశాను, ఆగాను. ఇళ్ళు తుడిచి, మెట్లు కడిగి, నేల మీద కూచుని రుద్ది రుద్ది అరిగిన మోకాళ్ళు ఊరుకుంటాయా? సగం ఎక్కేసరికి లోపల సూదులు గుచ్చుతున్నాయి. పక్కనే రాతి బల్ల. కూలబడిపోయాను.

“నువ్విక్కడ కూచో అమ్మా, నేను పరిగెత్తుకెళ్ళి వీడియో తీసుకొచ్చేస్తా. టైమైపోతోంది” అంది సుధ.

“లా” అన్నాను.

“ఏంటీ?”

నాకే తెలీలేదు ఏ భాషలో అన్నానో. కిందికి చూస్తే దాని మణికట్టు నా పిడికిట్లో ఉంది. దాని వాచీ లోపలికి దిగిపోయి, చుట్టూ చర్మం తెల్లబడింది. వదలాలనుకున్నాను, వేళ్ళు వదల్లేదు. నాకు భయం లేదు. ఒంటరితనం లేదు. సుధ చూసి, దిగొచ్చి, నాకు చెప్పడం నాకు వద్దు, అంతే. పైనున్నదేదో నా కళ్ళతో చూడాలి, లేకపోతే అక్కడేమీ లేదనుకుని చావాలి. ఓసి ముసల్దానా, నీదీ ఇదేనా, అనుకున్నాను. నువ్వూ నాలాగే పైకి వెళ్ళాలని వచ్చావా!

“నన్నొదిలి ఎల్లకు” అన్నాను సుధతో.

“మరి ఇక్కడ కూచుని ఏడుస్తావా? విమానం ఎక్కిన దగ్గర్నుంచీ గోడ గోడ అని నా బుర్ర తిన్నావు కదా! లే. లేస్తావా లేదా?” అని నా చంకలో చెయ్యేసి ఒక్క లాగు లాగింది. అబ్బా అన్నా వినలేదు. “నా మీద వాలు. బరువంతా వెయ్యి. ఆ, అలా.” తిడుతూనే ఉంది, లాగుతూనే ఉంది. కన్నకూతురు తల్లిని లాగగలదు. ఆ హక్కు దానికుంది. అప్పుడు ఆ బల్ల దగ్గర హజ్జియాకి అలాంటివాళ్ళు ఒక్కరూ లేరు, ఇంట్లో అంతమంది ఉండి.

పైకొచ్చాం. హజ్జియా అన్నట్టు అక్కడేమీ లేదు. ఒక దారి. అటూ ఇటూ చెట్లు. కుక్కని నడిపిస్తున్న ఒకాయన, బళ్ళో నిద్రపోతున్న పసిపిల్ల. దీనికా ఇన్నేళ్ళు ఏడ్చాను అనిపించింది. అవును, దీనికే.

సుధ ఫోను మోగింది. “మేనేజరమ్మా. అందరూ బస్సెక్కేశారట. ఏం చెప్పను?”

నేను దాని చెయ్యి వదిలేశాను. లైను తెగి ఫోను మళ్ళీ మోగింది. అప్పటికే నేను చెట్ల కింద కొంత దూరం నడిచేశాను.